లారీ పొగ లీకు: కనుగొను విధము, కాచుకొను మార్గము

డీజిలు లారీ నడచునప్పుడు దాని ఇంజనునుండి వెలువడు పొగకు ఒక నియమిత మార్గము కలదు. ఇంజనులో పుట్టిన పొగ గొట్టముల గుండా ప్రయాణము చేసి, సైలెన్సరు చివరనుండి వెలుపలి గాలిలో కలిసిపోవలెను. ఈ మార్గమున ఏ అతుకు వదులైనను, ఏ గొట్టము చిట్లినను, పొగ తన దారి విడిచి డ్రైవరు కూర్చుండు క్యాబినులోనికి చొరబడును. దీనినే లారీ షెడ్లలో ఎగ్జాస్టు లీకు అందురు. పలువురు దీనిని యంత్రమునకు సంబంధించిన స్వల్ప లోపముగా నెంచి, తీరిక దొరికినప్పుడు చూచుకొనవచ్చునని ఉపేక్షింతురు. కాని ఇది మొదట మనుష్యుని ఊపిరికి సంబంధించిన విషయము; ఆ తరువాతనే యంత్రమునకు సంబంధించినది.

మన దేశమున దూర ప్రయాణము చేయు లారీ క్యాబిను కేవలము బండి నడుపు చోటు కాదు. అది డ్రైవరునకు, క్లీనరునకు రెండవ ఇల్లు. వారు అందులోనే భుజింతురు, అందులోనే నిద్రింతురు. చలికాలమునను, వానకాలమునను అద్దములు పైకెత్తి గంటల తరబడి అందులోనే యుందురు. 2025 అక్టోబరు 1 తరువాత తయారైన మధ్యరకపు, భారీ సరకు వాహనములకు ఎయిర్ కండిషన్ క్యాబిను తప్పనిసరి చేయబడినది. ఎండనుండి డ్రైవరుకు ఇది గొప్ప ఉపశమనమే. అయినను అద్దములు మూసియుండు క్యాబినులో పొగ ప్రవేశించినచో అది త్వరగా బయటికి పోదు. కావున పొగ లీకును కనిపెట్టు నేర్పు నేడు ప్రతి డ్రైవరునకు, ప్రతి లారీ యజమానికి అవసరము.

పొగ పోవు దారి

లీకును వెదకుటకు ముందు పొగ ఏ దారిన పోవునో తెలియవలెను. ఇంజనులోని ప్రతి సిలిండరునుండియు వెలువడు పొగ మొదట పోత ఇనుముతో చేసిన ఒక పెద్ద గొట్టములోనికి చేరును. దీనికి ఎగ్జాస్టు మానిఫోల్డు అని పేరు. ఇది ఇంజను హెడ్డునకు స్టడ్డులతోను, నట్లతోను బిగింపబడి యుండును. రెంటికిని నడుమ గాస్కెట్టు ఉండును. మన షెడ్లలో దీనిని ప్యాకింగు అందురు.

మానిఫోల్డునుండి పొగ టర్బోలోనికి పోవును. టర్బో అనగా ఒకే ఇరుసునకు రెండు కొనలయందు బిగించిన రెండు చక్రముల యంత్రము. వేడి పొగ వేగముగా వచ్చి ఒక చక్రమును త్రిప్పును. దానితోపాటు రెండవ చక్రమును తిరిగి, వెలుపలి గాలిని పీల్చి, ఒత్తి ఇంజనులోనికి పంపును. భారీ లారీ టర్బో బరువు లాగునప్పుడు నిమిషమునకు లక్ష చుట్ల దాక తిరుగగలదు. వృథాగా పోవు పొగలోని శక్తిని ఇట్లు ఉపయోగించు పద్ధతికి స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు పొందెను.

టర్బోను దాటిన పిమ్మట పొగ వంగు స్వభావము గల ఫ్లెక్సిబుల్ గొట్టము ద్వారా సైలెన్సరునకు పోవును. 2020 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రమాణములకు లోబడిన లారీలలో సైలెన్సరు స్థానమున పొగను శుద్ధి చేయు పెద్ద పెట్టె యుండును. అందులో మసిని పట్టు జల్లెడయు, యూరియా ద్రావణము సాయముతో విషవాయువులను తగ్గించు భాగమును ఉండును. ఇక్కడ ఒక సంగతి గుర్తింపదగినది. ఈ పెట్టెకు ముందే లీకు ఉన్నచో, బయటికి వచ్చు పొగ ఏ శుద్ధియు పొందని పొగ. క్రొత్త లారీ గనుక దాని పొగ హాని చేయదనుకొనుట పొరపాటు.

పొగలో నేమున్నది?

డీజిలు పొగలో ముఖ్యముగా మూడు విధములైన హానికర పదార్థములు కలవు.

మొదటిది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తమునందలి హిమోగ్లోబిను ప్రాణవాయువును మోయు పదార్థము. కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా బలముగా హిమోగ్లోబినును పట్టుకొనును. ఊపిరి ఆడుచునే యుండును; కాని దేహమునకు ప్రాణవాయువు అందదు. పెట్రోలు ఇంజనుకంటె డీజిలు ఇంజను ఈ వాయువును తక్కువగా పుట్టించును. ఏలయన డీజిలు ఇంజనులో ఇంధనము మండుటకు కావలసినదానికంటె ఎక్కువ గాలి యుండును. అయితే ఆ గాలి తగ్గిననాడు ఈ భేదమును తగ్గును. ఆ సంగతి ముందు చూతము.

రెండవది నైట్రోజను ఆక్సైడులు. ఇవి కండ్లను, గొంతును మండించును. వీనిని హెచ్చుగా పీల్చినచో కొన్ని గంటలు గడచిన పిమ్మట సైతము ఊపిరితిత్తులలో నీరు చేరు ప్రమాదము కలదు.

మూడవది మసి. డీజిలు మసి రేణువులలో పెక్కు మైక్రోమీటరుకంటె చిన్నవి. తల వెండ్రుక మందముతో పోల్చినచో అనేక పదుల రెట్లు సన్నము. అందుచేత ముక్కు వీనిని ఆపలేదు. ఇవి ఊపిరితిత్తుల అడుగువరకు పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012 జూను నెలలో డీజిలు ఇంజను పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చెను. ఊపిరితిత్తుల క్యాన్సరునకు ఇది కారణమగునని ఆ సంస్థ నిర్ణయించెను. కనుక లీకు పొగ ఒకనాటి తలనొప్పితో పోవునది కాదు. ఏండ్ల తరబడి పీల్చినచో దాని ఫలము వేరుగా నుండును.

లీకు రెండు తావులలో, రెండు తీరులలో

టర్బోకు ముందు కలుగు లీకు వేరు. టర్బో తరువాత కలుగు లీకు వేరు. ఈ భేదము గ్రహించినవానికి వెదకు పని సగము తీరినట్లే.

టర్బోకు ముందు, అనగా మానిఫోల్డు వైపున, పొగ మిక్కిలి వేడిగాను, ఒత్తిడితోను ఉండును. నిండు బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు దాని వేడి 600 డిగ్రీల సెల్సియసును దాటవచ్చును. ఇక్కడ చిన్న చీలిక కలిగినను పొగ బుసకొట్టుచు బయటికి వచ్చును. టర్బో చక్రమును త్రిప్పవలసిన శక్తి దారిలోనే పోవును. చక్రము మెల్లగా తిరుగును; ఇంజనుకు గాలి తక్కువగా అందును. గాలి చాలనందున డీజిలు సరిగా మండక నల్లని పొగ వచ్చును. బండి లాగదు, డీజిలు ఖర్చు పెరుగును. క్రొత్త లారీలలోని ఎలక్ట్రానిక్ యంత్రాంగము గాలి కొరతను గుర్తించి డీజిలును తగ్గించును. అప్పుడు నల్లపొగ అంతగా కనబడకపోవచ్చును. కాని లాగుడు తగ్గుటయు, హెచ్చరిక దీపము వెలుగుటయు జరుగును.

దీనిలోని అపాయమును గమనింపుడు. లీకు వలన గాలి తగ్గినది. గాలి తగ్గుటచేత పొగలో మసియు, కార్బన్ మోనాక్సైడును పెరిగినవి. అట్లు చెడిపోయిన పొగయే ఆ లీకు గుండా క్యాబిను క్రిందికి వచ్చుచున్నది. ఒకే లోపము పొగను మరింత విషముగా మార్చి, దానినే మనుష్యునికి అందించుచున్నదన్నమాట.

టర్బో తరువాత కలుగు లీకు ఇట్టిది కాదు. అక్కడ ఒత్తిడి తక్కువ. బండి లాగుడులో పెద్ద మార్పు కనబడదు. శబ్దమును మందముగా నుండును. అందుచేతనే ఇది ఎక్కువ కాలము దాగియుండును. డ్రైవరునకు బండి బాగుగనే యున్నదని తోచును. తలనొప్పికి మాత్రము కారణము తెలియదు.

మరియొక ప్రమాదము ఘాట్ రోడ్లలో తెలియును. పెక్కు లారీలకు ఎగ్జాస్టు బ్రేకు కలదు. పొగ పోవు గొట్టమును ఒక కవాటము మూయగా, వెనుకకు నిలిచిన ఒత్తిడి ఇంజను వేగమును తగ్గించును. ఆ కవాటమునకు ముందు లీకు ఉన్నచో ఒత్తిడి నిలువదు. దిగుడులో బండి వేగము తగ్గదు. డ్రైవరు కాలి బ్రేకును పదే పదే త్రొక్కవలసి వచ్చును. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పును.

అనుమానింపవలసిన గుర్తులు

కొన్ని గుర్తులు బండి చూపును. కొన్ని దేహము చూపును.

తెల్లవారుజామున చల్లని ఇంజనును స్టార్టు చేసినంతనే టిక్ టిక్ మని శబ్దము వచ్చి, ఇంజను వేడెక్కిన కొలది ఆ శబ్దము తగ్గిపోయినచో మానిఫోల్డును అనుమానింపవలెను. వేడికి లోహము వ్యాకోచించి చీలిక మూసికొనును. అందుచేత శబ్దము అణగును. శబ్దము పోయినదని లోపము పోయినట్లు తలపరాదు. ఎత్తు ఎక్కునప్పుడు బుసమను ధ్వని, ఎగ్జాస్టు బ్రేకు వేసినప్పుడు ఆ ధ్వని మరింత హెచ్చుట, అతుకుల చెంత నల్లని పొడి మసి చారలు, క్యాబిను నేలమీదను గేరు రాడ్డు మొదటను మసి పేరుట, ఇవన్నియు లీకునకు సాక్ష్యములే.

దేహము చూపు గుర్తులు ఇవి: తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, కండ్ల మంట, అకారణమైన మగత. ఈ బాధలు ఆకలివలనను, నిద్రలేమివలనను గూడ కలుగవచ్చును గదా యని సందేహము కలుగును. దానిని తీర్చుకొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. క్యాబినులో నున్న ఇద్దరికిని ఒకేసారి బాధ కలిగినదా? బండి దిగి అరగంట, గంట చల్లగాలిలో నున్నచో తగ్గుచున్నదా? సెలవునాడు ఇంటివద్ద ఈ బాధ లేదా? ఈ మూటికిని అవునని సమాధానము వచ్చినచో, తలనొప్పి మాత్రకంటె ముందు బండిని చూపించవలెను.

వెదకుటకు ముందు

బండిని సమతలమైన, గాలి ఆడు బహిరంగ స్థలమున నిలుపవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు పొగ లీకును వెదకుట తగదు. చేతి బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను. క్యాబినును పైకెత్తు బండి యైనచో ఆధారపు కడ్డీ సరిగా కుదిరినదో లేదో చూచుకొనవలెను. మెడలో కండువా, వ్రేలాడు తువాలు, వదులు లుంగీ వంటివి ఫ్యానులోను బెల్టులోను చిక్కుకొనును, వానిని తీసివేయవలెను. వేడి గొట్టములను తాకరాదు. ఇంజను నడచునప్పుడు ఒకరు డ్రైవరు సీటులో నుండవలెను. వెదకువాడు ఒంటరిగా పని చేయరాదు.

వెదకు క్రమము

మొదటి మెట్టు, కంటితో చూచుట. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట మంచి వెలుగుగల దీపముతో, చిన్న అద్దముతో ప్రతి అతుకును చూడవలెను. క్రమము తప్పరాదు: మానిఫోల్డు హెడ్డుతో కలియు చోటు, మానిఫోల్డు ముక్కలు ఒకదానితో నొకటి కలియు చోటు, మానిఫోల్డు టర్బోతో కలియు చోటు, టర్బో బయటి నోరు, బిగించు పట్టీ, ఫ్లెక్సిబుల్ గొట్టము, సైలెన్సరు. పొగలో కొంత భాగమును మరల ఇంజనులోనికి పంపు గొట్టము గల బండ్లలో ఆ గొట్టపు అతుకులను గూడ చూడవలెను. విసనకఱ్ఱ వలె ఒక చోటినుండి విచ్చుకొనిన మసి చార యున్నచో, దాని మూలముననే లీకు కలదు. యూరియా ద్రావణము వాడు లారీలలో శుద్ధి పెట్టె దగ్గరి అతుకులయందు తెల్లని స్ఫటికములు పేరినచో అదియు లీకునకు గుర్తు.

మానిఫోల్డు రెండు కొనలయందలి స్టడ్డులను ప్రత్యేకముగా పరీక్షింపవలెను. పొడవైన మానిఫోల్డు వేడికి సాగునప్పుడు కొనలే ఎక్కువగా కదలును. అందుచేత తరచుగా కొనలనున్న స్టడ్డులే మొదట విరుగును. నట్టు కనబడుచున్నను లోపల స్టడ్డు విరిగి యుండవచ్చును. స్పానరుతో మెల్లగా కదలించి చూడవలెను.

రెండవ మెట్టు, చెవితో వినుట. మరునాటి ఉదయము ఇంజను పూర్తిగా చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించవలెను. ఒక మీటరు పొడవు గల రబ్బరు గొట్టమును తీసికొని, ఒక కొనను చెవి చెంత నుంచి, రెండవ కొనను అతుకుల వెంట మెల్లగా జరుపవలెను. లీకు ఉన్న చోట టక టక మను ధ్వని స్ఫుటముగా వినబడును. ఇంజను వేడెక్కుటకు ముందుగనే ఈ పని ముగింపవలెను. గొట్టము ఫ్యానునకు, బెల్టునకు దూరముగా నుండవలెను.

మూడవ మెట్టు, సబ్బునీటి పరీక్ష. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, సైలెన్సరు చివర ఒక బ్లోయరు గొట్టమును అమర్చి, చుట్టును గుడ్డతో మూయవలెను. దుమ్ము తుడుచు వాక్యూము యంత్రపు గాలి వెడలు నోరును ఇందులకు చాలును. స్వల్పమైన ఒత్తిడితోనే గాలి పంపవలెను. టైర్లకు గాలి కొట్టు కంప్రెసరును సూటిగా తగిలింపరాదు. పిమ్మట అతుకులపై సబ్బునీరు చల్లవలెను. లీకు ఉన్న చోట బుడగలు లేచును. మసి జల్లెడ గల క్రొత్త లారీలలో గాలి దానిని దాటి ముందుకు పోవుట కష్టము గనుక, జల్లెడకు ముందున్న అతుకునుండి గాలి పంపవలసి యుండును. ఆ పని, పొగ యంత్రముతో చేయు పరీక్షయు శిక్షణ పొందిన మెకానికునకు విడువవలెను.

నాలుగవ మెట్టు, బరువులో పరీక్ష. నిలిచిన బండిలో దొరకని లీకు బరువు లాగునప్పుడు బయటపడును. ఎత్తు ఎక్కునప్పుడు క్లీనరు అద్దము దించి వినవలెను. ఎగ్జాస్టు బ్రేకు వేసినప్పుడు గూడ వినవలెను. టర్బోకు ముందటి లీకు అప్పుడు తప్పక హెచ్చుగా ధ్వనించును. నడచు బండికి వెలుపల వ్రేలాడి వినుటకు ఎవరును సాహసింపరాదు.

గాలి వైపు లీకుతో పొరబడరాదు

టర్బోనుండి ఇంజనుకు స్వచ్ఛమైన గాలిని కొనిపోవు రబ్బరు గొట్టములును, గాలిని చల్లార్చు ఇంటర్ కూలరును కలవు. ఇవి చిట్లినను బండి లాగదు, నల్లపొగ వచ్చును, బుస వినబడును. రెండు లోపములకును లక్షణములు ఇట్లు ఒకే తీరుగా నుండుటచేత, అవసరము లేకయే టర్బోను మార్చినవారు అనేకులు.

భేదము తెలియు విధమిది. గాలి వైపు లీకైనచో చిట్లిన చోట పలుచని నూనె జిడ్డు కనబడును. పొడి మసి యుండదు. చల్లని ఇంజను ఊరక నడచునప్పుడు దాదాపు శబ్దముండదు. టర్బో ఒత్తిడి పెరిగినప్పుడే బుస వినవచ్చును. క్యాబినులో పొగ వాసన రాదు. పొగ వైపు లీకైనచో పొడి మసి, చల్లని ఉదయపు టిక్ టిక్ ధ్వని, క్యాబినులో వాసన కలుగును. టర్బోను మార్చుటకు ముందు ఈ రెండు వైపులను పరీక్షించుమని యజమాని మెకానికును అడుగవలెను.

ఒక ఉదాహరణము

ఆరు సిలిండర్ల లారీ యొకటి విశాఖపట్నమునుండి సరకుతో బయలుదేరి హైదరాబాదునకు పోవుచున్నదనుకొందము. గత నెలగా బండి ఎత్తులు సరిగా ఎక్కుట లేదు. ఒక షెడ్డులో ఎయిరు ఫిల్టరు మార్చిరి. మరియొక షెడ్డులో డీజిలు ఫిల్టరు మార్చిరి. ఫలము లేదు. ఈలోగా క్లీనరునకు రాత్రివేళ తలనొప్పి, ఉదయమున వాంతి. ఎండదెబ్బ యనుకొనిరి. డ్రైవరునకును అదే తలనొప్పి. కాని అతడు చెప్పుకొనలేదు.

ఈ రెండు కథలను వేరువేరుగా చూచినంతకాలము సమాధానము దొరకదు. బండి లాగకపోవుటయు, ఇద్దరికిని ఒకేసారి తలనొప్పి కలుగుటయు ఒకచోట చేర్చి చూచినప్పుడు కారణము తేటపడును. లాగుడు తగ్గినది గనుక లీకు టర్బోకు ముందుండవలెను. తెల్లవారుజామున చల్లని ఇంజను స్టార్టు చేయగా వెనుకవైపున టిక్ టిక్ ధ్వని వినవచ్చును. దీపముతో చూడగా ఆరవ సిలిండరు చెంత మసి చార, విరిగిన స్టడ్డు కనబడును. ఆరవ సిలిండరు క్యాబిను వెనుక భాగమునకు సమీపమున నుండును. క్లీనరు పండుకొను బల్ల దాని మీదనే యున్నది. అతనికే బాధ ఎక్కువగా నుండుటకు కారణమిదియే. ఒక స్టడ్డు, ఒక గాస్కెట్టు మార్చుటతో ఇంజను బలమును, మనుష్యుల ఆరోగ్యమును ఒకేసారి చక్కబడును.

మరమ్మతు

విరిగిన స్టడ్డును తీసి క్రొత్తది వేయవలెను. మిగిలిన నట్లను గట్టిగా బిగించి ఊరకుండుట చాలదు. పాత గాస్కెట్టును మరల వాడరాదు. మానిఫోల్డు ముఖమును శుభ్రము చేసి, తిన్నని ఇనుప బద్దను ఆనించి, ఫీలర్ గేజితో వంపును కొలువవలెను. వంపు కంపెనీ పుస్తకములో చెప్పిన హద్దును మించినచో ముఖమును మెషీనుపై సాపు చేయించవలెను. లేనిచో క్రొత్త గాస్కెట్టును కొలది దినములలో కాలిపోవును. నట్లను ఆ పుస్తకములో చెప్పిన వరుసలో, చెప్పిన బిగువుతో, టార్కు రెంచి ఉపయోగించి బిగింపవలెను. సాధారణముగా నడుమనుండి రెండు కొనలకు పోవు వరుస పాటింతురు.

చిట్లిన పోత ఇనుప మానిఫోల్డునకు సాధారణపు వెల్డింగు నిలువదు. వేడికి మరల చిట్లును. దానిని మార్చుట మేలు. లీకు మీద ఆస్బెస్టాసు తాడు చుట్టుట, తగరపు డబ్బా ముక్క కట్టుట వంటివి చికిత్సలు కావు. ఆస్బెస్టాసు పొడి స్వయముగా క్యాన్సరునకు కారణము. లీకునుండి వెడలు మంటవంటి పొగ దగ్గరి వైర్లను, డీజిలు గొట్టములను కాల్చి అగ్నిప్రమాదమునకును దారి తీయవచ్చును. కావున మరమ్మతు చేయునప్పుడు వానిని గూడ చూడవలెను.

లీకు బాగైన పిమ్మట క్యాబిను నేలలోని రంధ్రములను, గేరు రాడ్డు రబ్బరు తొడుగును, ఇంజను మూత అంచు రబ్బరును సరిచేయవలెను. ఇది రెండవ కోటగోడ వంటిది. మొదటి గోడను విడిచి దీనినే నమ్ముకొనరాదు. చివరకు చల్లని ఇంజనుతో పరీక్షను మరల చేసి, ధ్వని లేదని నిశ్చయించుకొనిన తరువాతనే బండిని దారి పట్టింపవలెను.

పొగ సోకినవారికి చేయవలసినది

క్యాబినులో ఎవరైనను మగతగా పడియున్నచో వెంటనే ఇంజను ఆపి, తలుపులు తెరచి, వారిని బయటి గాలిలోనికి తేవలెను. 112 కు గాని, అంబులెన్సు కొరకు 108 కు గాని ఫోను చేయవలెను. ఊపిరి ఆడనిచో, శిక్షణ గలవారు గుండెను నొక్కి కృత్రిమ శ్వాస ఇయ్యవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

ఆసుపత్రిలో వైద్యునితో “మూసిన క్యాబినులో డీజిలు పొగ పీల్చినారు” అని స్పష్టముగా చెప్పవలెను. ఈ మాట మిక్కిలి ముఖ్యము. వ్రేలికి తగిలించి ప్రాణవాయువును కొలుచు సాధారణపు ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తమును మంచి రక్తముగా చూపును. అంకె బాగుగనే యున్నదని ఇంటికి పంపివేయు ప్రమాదము కలదు. రక్తపరీక్షతో మాత్రమే నిజము తెలియును. మామూలు గాలిలో ఈ విషము సగమునకు తగ్గుటకు నాలుగైదు గంటలు పట్టును. శుద్ధమైన ఆక్సిజను ఇచ్చినచో గంట, గంటన్నరలో సగమునకు తగ్గును. గర్భిణీ స్త్రీలు, పసిపిల్లలు, గుండెజబ్బు గలవారు దీనికి మరింత సులభముగా లోనగుదురు. వారు ప్రయాణించు వాహనముల విషయమున ఇంకను జాగ్రత్త వహింపవలెను.

ఎవరి బాధ్యత ఏది?

డ్రైవరు నెలకొకసారి చల్లని ఉదయమున ఇంజను ధ్వని వినవలెను. తనకుగాని క్లీనరునకుగాని కలిగిన తలనొప్పిని దాచక చెప్పవలెను. యజమాని ఆ మాటను సోమరితనపు సాకుగా కొట్టివేయక, బండిని షెడ్డుకు పంపవలెను. ఒకనాటి కిరాయి పోవునని వెనుదీయుట తగదు. లాగని బండి ప్రతి దినమును వృథా చేయు డీజిలే ఆ నష్టమునకు మించవచ్చును. మెకానికు పొగ, గాలి రెండు వైపులను పరీక్షించి, చూచినదానిని యజమానికి చూపవలెను. అవకాశము గలవారు క్యాబినులో బ్యాటరీతో పనిచేయు కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక యంత్రము నుంచుకొనుట మంచిది. దానివలన లీకు బాగుకాదు. నిద్రించువానిని మేల్కొలుపుట మాత్రము జరుగును.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. పొగ లీకు అనుమానము ఉన్నంతవరకు ఇంజను నడచుచుండగా క్యాబినులో నిద్రింపరాదు. మెలకువగా నున్నవానికి తలనొప్పి హెచ్చరిక చేయును. నిద్రించువానికి ఆ హెచ్చరికయు అందదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. చల్లని ఇంజనులో వినబడి, వేడెక్కగా తగ్గు టిక్ టిక్ ధ్వని లీకునకు గుర్తు.

2. బండి లాగక, పొగ వాసన వచ్చినచో లీకు టర్బోకు ముందుండును. బండి బాగుగా లాగుచునే వాసన వచ్చినచో టర్బో తరువాత వెదకవలెను.

3. పొడి మసి పొగ లీకును, నూనె జిడ్డు గాలి లీకును తెలుపును.

4. క్యాబినులోని ఇద్దరికిని ఒకేసారి తలనొప్పి కలిగినచో ముందు బండి దిగవలెను. పిమ్మట కారణము వెదకవలెను.

5. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. లీకున్న బండిలో ఇంజను నడుపుచు నిద్రింపరాదు.